ఎవరింటికి, మేడమ్?

ఆ గ్రూపులో నేనడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. పొద్దున్నే గులాబీలు పెడతారు, సూర్యోదయాలు పెడతారు, దండాలు పెడతారు. ఎవరి పిల్లలకో పుట్టినరోజైతే ఇక కేకు బొమ్మల వరదే. నా ప్రశ్న మాత్రం ఆ పువ్వుల వెనక్కి జరిగి జరిగి కనిపించకుండా పోతుంది. మళ్లీ అడుగుతాను. మళ్లీ పువ్వులు. ఒకామె విడిగా ఫోన్ చేసి, "ఛోడోనా అక్కా, వదిలెయ్యి, పాత సంగతులెందుకు? అందరం పెద్దవాళ్లమైపోయాం" అంది. పెద్దవాళ్లమయ్యాం కాబట్టే అడుగుతున్నాను. చిన్నప్పుడు అడిగితే "పో, ఆడుకో" అన్నారు.

సంగతి ఇదీ. మా చిన్నప్పుడు ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఒకే వరస క్వార్టర్లలో పెరిగిన పిల్లలమంతా ఇప్పుడు ఆ గ్రూపులో ఉన్నాం. కొందరు ద్వారకలో, కొందరు గుర్‌గావ్‌లో, నేను సాకేత్‌లో. ఈ శ్రావణమాసంలో సుబేదారమ్మ కూతురు ఒక పాత ఫొటో పెట్టింది. వాళ్లింట్లో వరలక్ష్మీ వ్రతం. కలశానికి రెండు పక్కలా ఆడవాళ్లు, పట్టుచీరలు, ఒడిలో నానబెట్టిన శనగల పొట్లాలు. కింద "హమ్ సబ్ ఏక్ పరివార్ థే" అని రాసింది. మనమంతా ఒకే కుటుంబంలా ఉండేవాళ్లమట.

ఆ ఫొటోలో మా అమ్మ లేదు. వెనకాల వీధి తలుపు మూసి ఉంది. ఢిల్లీ శ్రావణమాసపు ఉక్కలో, ఒక్క గదిలో అంతమంది ఆడవాళ్లు కూర్చుని, తలుపెందుకు మూసుకున్నారని అడిగాను. నా ప్రశ్న అంతే. తలుపుకు లోపలున్న వాళ్లకు అది గుర్తుండకపోవచ్చు. బయట నిలబడ్డది నేనూ మా అమ్మా.

జవాబు రాలేదు కాబట్టి, మొత్తం కథే రాస్తున్నాను.

మా వరసలో మగవాళ్లుండేవారు కాదు. భర్తలు సరిహద్దు మీదికి వెళ్తే పెళ్లాంపిల్లల్ని ఉంచే క్వార్టర్లవి. పసుపు గోడలు, ఆకుపచ్చ తలుపులు, ప్రతి తలుపు మీదా తెల్ల రంగుతో నంబరు. పాలవాడూ చౌకీదారూ తప్ప మీసమన్నది కనిపించేది కాదు. ఫ్యూజు పోతే ఆడవాళ్లే స్టూలెక్కి తీగ చుట్టేవారు. గ్యాస్ సిలిండర్ని ఓరగా వంచి అంచు మీద దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చుకునేవారు. ఒకసారి కుళాయి గుంటలో పాము కనిపిస్తే మా పక్కింటి పంజాబీ ఆంటీ చపాతీ కర్ర తీసుకుని, మా అమ్మ రోకలి తీసుకుని బయల్దేరారు. పామే భయపడి వెళ్లిపోయింది.

సాయంత్రమైతే ఆరుబయట నవారు మంచాలు. ఊళ్లో అత్తగారి ముందు నోరెత్తని కోడళ్లు ఇక్కడ ఎంత నోరున్నవాళ్లో విని మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. "ఊర్లో ఉంటే ఈపాటికి నాను అంట్లు తోముకుంటుందును. ఇక్కడ సూడండి, మంచమ్మీద రాణీని" అనేది మా వైపు నుంచి వచ్చిన ఒకావిడ, కాళ్లు చాపుకుని. వేసవిలో కూలర్‌లో తడిసిన వట్టివేళ్ల వాసన. పంజాబీ ఆంటీ వంటింట్లో ఆవనూనె కాగే ఘాటు. మా ఊరి నుంచి వచ్చిన ఎండు నెత్తళ్లు అమ్మ వేయించిందంటే "హాయ్ రబ్బా!" అంటూ ఆంటీ కిటికీలు టపటప మూసుకునేవి. సుబేదారమ్మ కూడా ముక్కు మూసుకుని, "ఏం కంపే తల్లీ!" అనేది. కాసేపటికి ఆవిడ కూతురు గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చేది.

ఆ రాజ్యంలోనూ హోదాలుండేవి. హోదా భర్తది, మోసేది భార్య. సుబేదారు భార్య సుబేదారమ్మ. హవల్దారు భార్య హవల్దారమ్మ. మా నాన్న నాయక్ కాబట్టి మా అమ్మ నాయకమ్మ. ఎవరికీ సొంత పేరు లేదు. కుళాయి దగ్గర మొదటి బిందె సుబేదారమ్మది, ఆ తర్వాత హవల్దారమ్మలవి, ఆ తర్వాత మిగతావాళ్లవి. ఎవరి భర్తకైనా ప్రమోషన్ వచ్చిందని తెలిస్తే మర్నాటికి ఆవిడ బిందె ముందుకు జరిగేది. "అక్కడ ఆయన చెయ్యి మీద పట్టీ పెరిగితే, ఇక్కడ ఈవిడ బిందె కదిలింది" అని నవ్వేది అమ్మ.

సుబేదారమ్మది కడప వైపు. రూపాయంత బొట్టు, వరసంతా వినిపించే గొంతు. ఆవిడ మంచి చెప్పకపోతే అన్యాయమవుతుంది. తెలుగు కుటుంబాలన్నిటికీ ఆవిడే పెద్ద దిక్కు. ఎవరికి నొప్పులొచ్చినా రిక్షా మాట్లాడి ఆస్పత్రికి తీసుకెళ్లేది. వేలిముద్ర వేసే ఆడవాళ్లను కూర్చోబెట్టి సంతకం నేర్పింది. "ఏమ్మే, ఎన్నాళ్లు బొటనవేలికి సిరా పూసుకుంటావు? ఆ వేలు కడిగి పలక పట్టు" అనేది. మంచి చెప్పాను. తలుపు సంగతీ చెప్తాను.

మా అందరికీ ఒకే ఒక్క భయం. ఆకుపచ్చ జీపు.

జీపు వచ్చినప్పుడల్లా భయం కాదు. డ్రైవరొక్కడే వస్తే ఏ సరుకుల కబురో, ఏ మీటింగు కబురో. జీపు వెనక సీట్లో మేమ్‌సాబ్ ఉందా అన్నదే చూడాలి. మేమ్‌సాబ్ అంటే ఆ యూనిట్ పెద్ద ఆఫీసరు భార్య. ఆవిడ ఉందంటే ఆ వరసలో ఎవరో ఒకరి భర్త ఇక తిరిగి రాడు. మంచం మీది మాట మంచం మీదే ఆగిపోయేది. పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కునేవారు. జీపు ఎవరింటి ముందు ఆగుతుందోనని దోమల జాలీ తలుపుల వెనక నిలబడి చూసేవారు. తమ ఇల్లు దాటితే ఊపిరి వదిలేవారు. వదిలామన్న సిగ్గుతో మళ్లీ బిగబట్టేవారు.

నాకు తెలిసి మొదటిసారి ఆ జీపు ఆగింది చివరి క్వార్టర్ ముందు. ఆ ఇంట్లో విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఉండేది. పెళ్లి పసుపు ఇంకా వదలని పిల్ల. హిందీలో ఆమెకు వచ్చింది అచ్ఛా, నహీ. మేమ్‌సాబ్ తనింటికి రావడం చూసి, పెద్దింటి ఆవిడ కొత్తకోడల్ని చూడ్డానికి వచ్చిందనుకుంది. ఆ వరసకు ఆమె కొత్త. జీపు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. పెళ్లిలో వచ్చిన స్టీలు పళ్లెం తీసి బిస్కెట్లు పెట్టింది. పొయ్యి మీద టీకి పాలు పెట్టింది. మేమ్‌సాబ్ చెప్పాల్సినదంతా చెప్పింది. ఆ పిల్ల నవ్వుతూ "అచ్ఛా, అచ్ఛా" అని తలూపుతూ టీ కప్పు చేతికిచ్చింది.

మేమ్‌సాబ్ ఆ కప్పు పట్టుకునే బయటికొచ్చింది. టీ సాసర్‌లోకి తొణుకుతోంది. ఆవిడా చిన్నదే, అప్పటి నా కళ్లకు పెద్దగా కనిపించింది గానీ. "ఇన్‌కీ భాషా కోయీ జాన్‌తా హై?" అని అడిగింది. ఈమె భాష ఎవరికైనా వచ్చా అని. తెలుగువాళ్లంతా ఒకరినొకరు చూసుకున్నారు. చాలామందికి కూరగాయలు కొనేపాటి హిందీ వచ్చు. ఎవరూ కదల్లేదు. సుబేదారమ్మే మా అమ్మ వైపు చెయ్యి చూపించింది. "నాయకమ్మకు బాగా వచ్చు. వాళ్ల నాయన హిందీ అయ్యవారంట."

ఇది గుర్తుపెట్టుకోండి. మా అమ్మను చూపించింది ఆవిడే.

అమ్మ వడియాల గుడ్డ దులుపుతోంది. చేతులు కడుక్కుని వెళ్లింది. నేను కొంగు పట్టుకుని వెనకే వెళ్లాను. అమ్మ ఆ పిల్లతో ఏమీ మాట్లాడలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేసింది. టక్‌మని శబ్దమొచ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల చేతిలో కెటిల్ తీసి పక్కన పెట్టింది. రెండు భుజాలూ పట్టుకుని నేల మీద కూర్చోబెట్టింది. "తల్లీ, నా కేసి సూడు. నా మాటిను" అంది. నన్ను బయటికి పొమ్మంది.

బయట గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. మేమ్‌సాబ్ వీరగతి అని ఏదో అంది. అమ్మ ఆ మాటను తెలుగులోకి తేలేదు. మా ఊళ్లో మనిషి పోతే ఎలా చెప్తారో అలాగే చెప్పింది. తర్వాత వినిపించిన దాన్ని నేను రాయను.

తిరిగి వచ్చేటప్పుడు మేమ్‌సాబ్ అమ్మను అడిగింది, "దీదీ, మీరు ముందు వంటింట్లోకి ఎందుకు వెళ్లారు?" అని. అమ్మ హిందీలోనే చెప్పింది. "పొయ్యి మీద ఏదీ ఉండకూడదు మేడమ్, చేతిలో వేడిది ఉండకూడదు. ఆ మాట విన్నాక మనిషికి చేతులుండవు. ముందు స్టవ్ కట్టెయ్యాలి." మేమ్‌సాబ్ తలూపింది. చదువుకునే పిల్ల పంతులమ్మ మాట విన్నట్టు విన్నది.

ఆ రోజు నుంచి ఏ తెలుగింటికి ఆ కబురున్నా జీపు ముందు మా ఇంటికే వచ్చేది. అమ్మ గుమ్మంలోకి వచ్చి, "కిస్‌కే ఘర్, మేడమ్?" అనేది. ఎవరింటికి, మేడమ్? మేమ్‌సాబ్ నెమ్మదిగా నంబరు చెప్పేది. అమ్మ లోపలికొచ్చి ఒంటి మీది చీర మార్చి బూడిదరంగు చీర కట్టుకునేది. తాగించడానికి సీసాలో మంచినీళ్లు పట్టుకునేది. తాళంచెవి నా చేతిలో పెట్టి జీపెక్కేది. యూనిట్ వాళ్లు రమ్మంటే నాయక్ భార్య రానని అనగలదా? అనగలిగినా అనేది కాదేమో. "తెలియని బాసలో ఇంటే ఆ పిల్లలు ఏటైపోతారే?" అనేది.

నాకు ఒకటే లెక్క తెలిసింది. జీపు మా ఇంటి ముందు ఆగిందంటే అది మాకు కాదు. వరసంతా వణుకుతుంటే నేను గేటు పట్టుకుని ఊగేదాన్ని.

మిగతావాళ్ల లెక్క వేరు. వాళ్లకు జీపు కంటే మా అమ్మే ఎక్కువ భయమైపోయింది. జీపు ఎప్పుడో వస్తుంది. అమ్మ రోజూ కనిపిస్తుంది కదా. తోడుకు కాస్త పెరుగు కోసం నన్ను పంపిస్తే, కిటికీలో పెరుగు గిన్నె పెట్టుకునే "అయిపోయిందమ్మా" అనేవారు. అలా అన్నవాళ్లెవరో నాకు గుర్తుంది. ఇప్పుడు గ్రూపులో వాళ్ల పిల్లలు పెట్టే గులాబీలు చూస్తే నాకు ఆ గిన్నె కనిపిస్తుంది. కొత్త బాలింత ఒకామె అమ్మ ఎదురైతే పిల్లాడి ముఖం మీద కొంగు కప్పేది. కుళాయి దగ్గర అమ్మ బిందె ఎక్కడ పెడితే దాని పక్క చోటు ఖాళీ. ఒక్కొక్కప్పుడు అదే మేలైంది, నీళ్లు తొందరగా దొరికేవి.

ఒక రోజు గాలిదుమారం లేచింది. హవల్దారమ్మ ఒకావిడ దండెం మీద ఆరేసిన చీర తెగ ఎగురుతోంది. అమ్మ పరుగున వెళ్లి ఆవిడ తలుపు తట్టింది. ఆవిడ తలుపు తీసింది. అమ్మను చూసింది. చూసినచోటే గోడకు జారిపోయి కూలబడింది, కళ్లు తేలేసి.

"సీర తల్లీ, సీర! సీర ఎగిరిపోతంది!" అని అమ్మ అరుస్తూనే ఉంది. ఆవిడ వినే స్థితిలో లేదు. తేరుకున్నాక అమ్మను తిట్టిన తిట్లు వరసంతా విన్నది. ఆ తర్వాత అమ్మ ఎవరి తలుపూ తట్టలేదు. ఏదైనా పనుంటే వీధిలో నిలబడి, "నానేనండీ, ఊరికేనే" అని ముందు ఆ మాట అరిచి, తర్వాత పని చెప్పేది. మనిషి ఎదుటివాళ్లను పలకరించడానికి ముందు తను ఊరికే వచ్చానని చెప్పుకోవాల్సి రావడం మీకెవరికైనా జరిగిందా?

శ్రావణ శుక్రవారం వచ్చింది. ముందు రోజు సుబేదారమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పిలిచింది. మా ఇల్లు దాటి వెళ్లిపోయింది. నేను కిటికీలోంచి చూసి చెప్తే అమ్మ నమ్మలేదు. "మరిసిపోయుంటాది. పెద్దావిడ ఇంట్లో పేరంటానికి మనకి పిలుపేటి, మనమే ఎల్లాల" అంది. ఆకుపచ్చ అంచున్న పట్టుచీర తీసింది. పెళ్లి చీర అది, పెట్టెలోంచి కర్పూరం వాసన వచ్చింది. నాకు పరికిణీ కట్టి, రెండు జడలకు రిబ్బన్లు కట్టింది. ఇన్నాళ్ల తర్వాత నలుగురిలోకి వెళ్తున్నానని అమ్మ ముఖం కళకళలాడుతోంది. ఆ ముఖం నాకు గుర్తుంది కాబట్టే ఇదంతా.

తలుపు తెరిచే ఉంది. లోపల నవ్వులు. గుమ్మంలో మమ్మల్ని చూసి ఒక్కొక్క నవ్వే ఆగింది. సుబేదారమ్మ పూజ దగ్గర నుంచి లేచి వచ్చింది. గడప అవతల నిలబడింది. మేం ఇవతల.

"ఏందిమ్మే, పిలవకుండానే వచ్చినావు?"

"పిలవక్కర్లేదనుకున్నానండి. మనింటి పేరంటమే కదా అని..."

సుబేదారమ్మ గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి విన్నాను. "చూడమ్మే, నీ మీద నాకేం కోపం లేదు. లోపలంతా మొగుళ్లు క్షేమంగా రావాలని నోము పట్టినోళ్లు కూర్చోనుండారు. నువ్వు కాలు పెడితే వాళ్ల గుండెలాగిపోతాయి. నీ నోటెంట ఏ మాట వస్తాదో అందరికీ తెలుసు. పండగపూట మా గడప తొక్కొద్దు తల్లీ."

"నా మొగుడూ అక్కడే ఉన్నాడండి" అంది అమ్మ.

సుబేదారమ్మ తలుపు వేసేసింది. గడియ పడింది. కాసేపటికి తలుపు సందులోంచి తెల్లటి వెలుగు తళుక్కుమంది. ఫొటో తీసుకున్నారు. గ్రూపులో పెట్టింది ఆ ఫొటోయే.

అమ్మ అక్కడే వంగి, ఊడని నా రిబ్బను విప్పి మళ్లీ కట్టింది. దారిలో నేను ఏడుస్తూ, "మనల్నెందుకు రానివ్వలేదే?" అని అడిగాను. "ఆవిడ బయం ఆవిడది. ఆవిడ మొగుడూ మీ నాన్న పక్కనే ఉన్నాడు కదే" అంది. ఆ జవాబు నాకు అప్పుడు చాలలేదు. ఇప్పుడూ చాలదు. భయం మాకు మాత్రం లేదా?

పెద్దవాళ్లు జాలీ తలుపుల వెనక చేసేది పిల్లలం వీధిలో ఆటగా ఆడుకునేవాళ్లం. దాని పేరు గాడీ-గాడీ. సుబేదారమ్మ కూతురు మేమ్‌సాబ్. ఒకడు నోటితో జీపు చప్పుడు చేసేవాడు. మిగతావాళ్లు గోడవారన వరసగా ఇళ్లై నిలబడాలి. నేనెప్పుడూ మా అమ్మనే. "తూ తో అప్నీ మమ్మీ బన్!" అనేవారు, నువ్వు మీ అమ్మవే అవ్వమని. నేను ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వెళ్లి, ఎవరి భుజం మీద చెయ్యి వేస్తే వాళ్లు కెవ్వున అరిచి పడిపోవాలి. నన్ను ఆటలోకి రానిచ్చేది అందుకే.

ఒక సాయంత్రం జీపు చప్పుడు చేసేవాడు ఆట ఆపి అడిగాడు. "అరే, గాడీ వీళ్లింటికే వస్తే? వీళ్లమ్మకి ఎవరు చెప్తారు?"

అందరూ నా వైపు చూశారు. సుబేదారమ్మ కూతురు భుజాలెగరేసింది. "వీళ్లమ్మకి హిందీ వచ్చు కదా. మేమ్‌సాబే చెప్పేస్తుంది. చలో, ఖేలో."

వాళ్లు ఆడుకున్నారు. నేను ఇంటికొచ్చేశాను. అప్పుడు తెలిసింది నా లెక్క తప్పని. జీపు మా ఇంటి ముందు ఆగితే మాకు కాదనుకున్నాను. మాకైనా అది అక్కడే కదా ఆగుతుంది? అదే చప్పుడు, అదే సీటు, అదే మేమ్‌సాబ్. తేడా ఎలా తెలుస్తుంది?

ఆ రోజు నుంచి నాకు అన్నం దిగేది కాదు. ధౌలా కువాన్ వైపు పోయే బస్సుల మోత గాలివాటున వచ్చినా గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. చివరికి ఒక ఉపాయం తట్టింది. అమ్మ బూడిదరంగు చీర తీసుకెళ్లి కూలర్ లోపల వట్టివేళ్ల వెనక కుక్కేశాను. చీర లేకపోతే అమ్మ వెళ్లదు. అమ్మ వెళ్లకపోతే ఎవరికీ ఏమీ కాదు. తర్వాత చీర దొరికింది, నాచు మరకలతో, వట్టివేళ్ల వాసనతో. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మరకలు ఉతుకుతూ, "దాసేస్తే రావడం మానేస్తాదేటే?" అంది. నన్ను దగ్గరికి లాక్కుంది. సబ్బుచేతులు నా వీపు మీద తడిగా ఉన్నాయి.

చలికాలం వచ్చింది. ఆ ఉదయం పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా ఉన్న సుబేదారమ్మ ఇల్లు సగమే కనిపిస్తోంది. చలికి బడి లేదు. అమ్మ స్టవ్ మీద పాలు పెట్టింది. ముందు చప్పుడు వినిపించింది. తర్వాత మంచులోంచి రెండు పసుపు దీపాలు వచ్చాయి. మా గేటు దగ్గర ఆగాయి.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. మేమ్‌సాబ్ సీట్లోనే కూర్చుని ఉంది.

"కిస్‌కే ఘర్, మేడమ్?"

మేమ్‌సాబ్ మాట్లాడలేదు. మంచుకు వినబడలేదనుకుంది అమ్మ. లోపలికొచ్చి బూడిదరంగు చీర కట్టుకుంది. సీసాలో నీళ్లు పట్టింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "పాలు పొంగితే కట్టెయ్యి. బయటికి రాకు, మంచుంది" అంది. వెళ్లి జీపెక్కి, తను ఎప్పుడూ కూర్చునేచోట కూర్చుంది. ఒళ్లో నీళ్ల సీసా. "చలియే మేడమ్" అంది. పదండి.

జీపు కదల్లేదు. డ్రైవరు స్టీరింగు మీదికి తల వంచేశాడు.

మేమ్‌సాబ్ రెండో వైపు నుంచి దిగింది. గేటు తీసుకుని లోపలికి వచ్చింది. గుమ్మంలో నన్ను దాటేటప్పుడు నా తల మీద చెయ్యి వేసింది. చెప్పులు విప్పి మా వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ కట్టేసింది.

టక్‌మని వినిపించింది.

జీపులోంచి అమ్మ అది చూసింది. మా వంటిల్లు గుమ్మానికి ఎదురే. అమ్మ అరవలేదు. దిగలేదు. ఎదుటివాళ్లకు తాగించడానికి తెచ్చిన ఆ సీసాను రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది. మేమ్‌సాబ్ వెళ్లి పక్కన కూర్చుని, ఆ సీసా మూత తీసి, అమ్మ నోటికి పట్టింది. హిందీలో ఏదో చెప్తోంది. అమ్మ "అచ్ఛా" అంది. మళ్లీ ఏదో చెప్పింది. "అచ్ఛా" అంది.

పంజాబీ ఆంటీ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి అమ్మను పొదివి పట్టుకుంది. ఆవిడ ఏడుపు పంజాబీలో ఉంది. తెలుగువాళ్ల తలుపుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. నేను ఎదురింటి వైపు చూశాను. జాలీ వెనక రూపాయంత బొట్టు కనిపించింది. మంచులో ఇంకేమీ కనిపించలేదు, బొట్టు కనిపించింది. అది కదల్లేదు. కాసేపటికి లేదు.

ఆ వరసలో ఎందరికో వాళ్ల భాషలో, వాళ్లను నేల మీద కూర్చోబెట్టి, భుజాలు పట్టుకుని చెప్పిన మనిషి మా అమ్మ. ఆవిడకు "తల్లీ, నా కేసి సూడు" అని చెప్పడానికి ఒక్క తెలుగు నోరు రాలేదు.

మర్నాడు మా గేటు లోపల ఒక స్టీలు క్యారియరు ఉంది. పప్పూ అన్నమూ, చల్లారిపోయి. మూత మీద చెక్కించిన సుబేదారమ్మ ఇంటి పేరు. ఎప్పుడు పెట్టి వెళ్లారో, తలుపు తట్టలేదు. అమ్మ ఆ అన్నం నాకు పెట్టి, క్యారియరు కడిగి బోర్లించింది. తర్వాత కొన్నాళ్లకు మేం క్వార్టర్ ఖాళీ చేశాం. అమ్మ వెళ్లి ఆ క్యారియరు ఇచ్చిరాలేదు. ఒకరి తలుపు తట్టే అలవాటు ఆవిడకు ఎప్పుడో పోయింది.

ఆ వరస ఇప్పుడు లేదు. పడగొట్టి ఎత్తైన ఇళ్లు కట్టారు. సుబేదారు గారు క్షేమంగా తిరిగొచ్చి, పింఛను తీసుకుంటూ, మనవల్ని ఆడిస్తున్నారు. ఆయన బాగుండాలి. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. అమ్మ నా దగ్గరే ఉంది. సాకేత్‌లో మా ఫ్లాటుకు రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, కొరియర్ వాడో, కూరగాయల భయ్యానో. బెల్లు మోగగానే అమ్మ తలుపు దగ్గరికి వెళ్లదు. ముందు వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేసి వస్తుంది. మా ఇంట్లో అన్నం ఎన్నిసార్లు సగం ఉడికి ఆగిపోయిందో. నా కూతురు "నానీ, ఇట్స్ ఓన్లీ ద డెలివరీ బాయ్" అని అమ్మమ్మను చూసి నవ్వుతుంది. దానికి నేనేం చెప్పను?

సుబేదారమ్మ గారూ, మీ అమ్మాయి ఇది మీకు చదివి వినిపిస్తుందో లేదో తెలియదు. అందుకే గ్రూపులో కాకుండా నలుగురూ చదివేచోట రాస్తున్నాను. మీరు ద్వారకలో ఉన్నారని, ఆరోగ్యంగా ఉన్నారని తెలుసు. పండగ రోజు తలుపు వేసింది భయంతోనేనని అమ్మ ఆ రోజే ఒప్పుకుంది. సరే, అది వదిలేస్తాను. మా అమ్మను మేమ్‌సాబ్‌కు చూపించిన చెయ్యి మీది. మంచు పడిన ఉదయం ఆ చెయ్యి మీ తలుపు గడియ ఎందుకు తీయలేదు?

మీ క్యారియరు మా దగ్గరే ఉంది. తీసుకెళ్లడానికి రండి. ఈసారి బెల్లు కొట్టండి. అమ్మ ముందు వెళ్లి స్టవ్ కట్టేస్తుంది. కట్టెయ్యనివ్వండి. ఆ తర్వాత ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆ రోజు ఎందుకు రాలేదో తెలుగులో చెప్పండి. హిందీలో వద్దు. హిందీలో ఆవిడ ఒకసారి విన్నది.